యూకే మాస్టర్స్‌లో అసైన్‌మెంట్ ఫెయిలైతే: రీసిట్ రాయాలా, ఈసీ పెట్టాలా, అప్పీల్‌కి వెళ్లాలా?

పోర్టల్‌లో 38 అని కనిపించిన సాయంత్రం నాకింకా గుర్తుంది. ఎమ్మెస్సీలో నా మొదటి అసైన్‌మెంట్ అది, 2500 పదాల ఎస్సే. ఇక్కడ మాస్టర్స్‌కి పాస్ మార్కు 50. బీటెక్ నాలుగేళ్లూ ఒక్క బ్యాక్‌లాగ్ లేకుండా గట్టెక్కినవాణ్ణి, నాన్న లోన్ తీసుకుని పంపిన చదువు, మొదటి మెట్టు మీదే కాలు జారింది. ఆ రాత్రి నేను చేసిన మొదటి పని, రీవాల్యుయేషన్‌కి ఫీజు ఎంతో యూనివర్సిటీ వెబ్‌సైట్‌లో వెతకడం. అలాంటిది ఇక్కడ లేదని అర్థం కావడానికి రెండు రోజులు పట్టింది. మార్కు పక్కనే ఉన్న ఫీడ్‌బ్యాక్‌ని మాత్రం ఆ రెండు రోజులూ తెరవలేదు.

ఇప్పుడు జూనియర్లు ఇదే పరిస్థితిలో ఫోన్ చేస్తుంటారు. "అన్నా, అప్పీల్ చేస్తే మార్కులు పెరుగుతాయా, లేక మళ్లీ రాసెయ్యమంటావా?" అని. నేను తిరిగి అడిగేది ఒకటే: ఎందుకు ఫెయిలయ్యావు? లోపం రాసిన పేపర్‌లో ఉంటే రీసిట్ రాయాలి, అంటే ఫెయిలైన భాగాన్ని రెండోసారి రాయడం. ఆ వారాల్లో మీ బతుకులో ఏదైనా పెద్ద దెబ్బ తగిలి ఉంటే, దాన్ని ఆధారాలతో చెప్పుకునే ఈసీ క్లెయిమ్ పెట్టాలి. తప్పు యూనివర్సిటీ పద్ధతిలో జరిగితే అప్పీల్‌కి వెళ్లాలి. కారణం ఒకటై, దారి ఇంకొకటి పట్టినవాళ్లే ఎక్కువ నష్టపోవడం చూశాను.

ముందు, నిజంగా ఫెయిలైంది ఏమిటి?

అసైన్‌మెంట్ ఫెయిలవడం, మాడ్యూల్ (అంటే ఒక సబ్జెక్టు) ఫెయిలవడం వేరు వేరు. చాలా మాడ్యూళ్లలో రెండు మూడు భాగాలుంటాయి. ఉదాహరణకి కోర్స్‌వర్క్‌కి 40 శాతం, పరీక్షకి 60 శాతం వెయిటేజీ అనుకుందాం. కోర్స్‌వర్క్‌లో 38, పరీక్షలో 62 వస్తే, 15.2కి 37.2 కలిపి 52.4. మాడ్యూల్ పాస్. మళ్లీ రాయాల్సిన పనే లేదు. అయితే కొన్ని కోర్సుల్లో ప్రతి భాగంలోనూ కనీసం ఇంత రావాలనే షరతు ఉంటుంది. అది మాడ్యూల్ హ్యాండ్‌బుక్‌లో ఉంటుంది. ముందు ఆ పేజీ తీయండి.

ఇంకో మాట. ఎగ్జామ్ బోర్డ్ కూర్చుని ఖరారు చేసేదాకా పోర్టల్‌లో కనిపించేవి తాత్కాలిక మార్కులే. రీసిట్ ఉందా, ఎప్పుడు, ఏ భాగానికి అనేది ఆ బోర్డ్ తర్వాతే అధికారికంగా తెలుస్తుంది. ఈ మధ్య కాలంలో టెన్షన్ పడుతూ కూర్చోకుండా మాడ్యూల్ లీడర్‌కి మెయిల్ పెట్టి, ఫీడ్‌బ్యాక్ మీద మాట్లాడటానికి టైమ్ అడగండి.

రీసిట్: ఎక్కువమందికి ఇదే సరైన దారి

రీసిట్ అంటే మనవాళ్లు భయపడేది ఒకే మాటకి: క్యాప్. మాస్టర్స్‌లో రెండోసారి ఎంత బాగా రాసినా మామూలుగా 50కి మించి నమోదు చేయరు, డిగ్రీ స్థాయిలో 40. నేను రీసిట్‌లో రాసిన ఎస్సేకి 61 వచ్చింది, ట్రాన్‌స్క్రిప్ట్ మీద 50 పడింది. ఆ రోజు కష్టం వృథా అయినట్టనిపించింది. తర్వాత లెక్కేసి చూసుకుంటే అంత దిగులు పడాల్సింది కాదు.

లెక్క మీరూ వేసుకోండి. మాస్టర్స్ మొత్తం 180 క్రెడిట్లు. ఫెయిలైన మాడ్యూల్ 20 క్రెడిట్లు అనుకుందాం. అందులో మీకు 65 రావాల్సింది, క్యాప్ వల్ల 50 దగ్గర ఆగిపోయింది. తేడా 15 మార్కులు. దాన్ని 20తో గుణించి 180తో భాగిస్తే 1.67. మొత్తం సగటు 63 అయ్యేది, 61.3 అవుతుంది. మెరిట్ గ్రేడ్‌కి కావలసింది 60, కాబట్టి మెరిట్ అలాగే నిలిచింది. డిసర్టేషన్ ఒక్కటే చాలా చోట్ల 60 క్రెడిట్లు. అక్కడ అయిదు మార్కులు ఎక్కువ తెచ్చుకుంటే చాలు, పోయినదానికి పోయినంతా తిరిగొస్తుంది.

క్యాప్ విషయంలో అడగాల్సిన ప్రశ్నలు రెండు. క్యాప్ ఆ భాగానికే పడుతుందా, మొత్తం మాడ్యూల్‌కా? పై ఉదాహరణలోని మాడ్యూల్‌కే ప్రతి భాగంలోనూ కనీస మార్కు షరతు ఉండి కోర్స్‌వర్క్ రీసిట్ రాశారనుకుందాం: క్యాప్ భాగానికైతే 20కి 37.2 కలిపి 57.2 వస్తుంది, మాడ్యూల్‌కైతే 50 దగ్గరే ఆగుతుంది. రెండోది, రీసిట్ ఉన్నవాళ్లకి డిసర్టేషన్ ఎంత బాగున్నా డిస్టింక్షన్ ఇవ్వని కోర్సులు కొన్ని ఉన్నాయి. మీది అలాంటిదా? 70 దాటాలని లక్ష్యం పెట్టుకున్నవాళ్లకి ఇది ముఖ్యం. మెరిట్ చాలనుకునేవాళ్లు దీని గురించి నిద్ర పాడుచేసుకోనక్కర్లేదు.

రీసిట్‌లో అసలు సమస్య క్యాప్ కాదు, అదే తప్పు మళ్లీ చేయడం. నా ఫీడ్‌బ్యాక్‌లో రెండు మాటలు పదే పదే ఉన్నాయి: డిస్క్రిప్టివ్, క్రిటికల్ అనాలిసిస్ లేదు. మన దగ్గర చదువుకున్నవాళ్లలో చాలామందికి వచ్చే ఫీడ్‌బ్యాక్ ఇదే. మన పరీక్షల్లో నిర్వచనం రాయాలి, రకాలు రాయాలి, లాభనష్టాలు రాయాలి, హెడ్డింగుల కింద గీత కొట్టాలి. తెలిసిందంతా రాస్తే మార్కులు పడతాయి. ఇక్కడ ప్రశ్న "ఈ మోడల్ ఈ కంపెనీకి ఏ మేరకు పనికొచ్చింది?" అని ఉంటే, మోడల్ అంటే ఏమిటో రెండు పేజీలు రాసినందుకు దాదాపు ఏమీ రాదు. ఏ మేరకు అన్నదానికి మీ సమాధానం కావాలి. దానికి ఆధారం కావాలి. దానికి ఎదురు చెప్పిన పరిశోధకులు ఎవరు, వాళ్ల మాట ఇక్కడ ఎందుకు సరిపోతుంది లేదా సరిపోదు అన్నది కావాలి.

దీన్ని పట్టుకోవడానికి నాకు పనికొచ్చిన ఉపాయం చెప్తాను. ఫెయిలైన ఎస్సేని ప్రింట్ తీసి, ప్రతి పేరా పక్కన మార్జిన్‌లో రెండు అక్షరాల్లో ఒకటి రాశాను. ఎవరో చెప్పింది తిరిగి చెప్పిన పేరా అయితే "చె", నేను తూచి ఏదైనా తేల్చిన పేరా అయితే "తే". పద్నాలుగు పేరాల్లో పన్నెండు "చె". ఆ కాగితం చూశాకే 38 ఎందుకొచ్చిందో అర్థమైంది. మార్కర్ మీద కోపం కూడా అక్కడితో పోయింది.

తర్వాత మార్కింగ్ క్రైటీరియా తీసి 50-59 వరుసలోని వాక్యాలు, 60-69 వరుసలోని వాక్యాలు పక్కపక్కన చదవండి. తేడా రెండు మూడు పదాల్లో ఉంటుంది, ఆ పదాల కోసమే మీ రెండో ప్రయత్నం. లైబ్రరీలో అకడమిక్ స్కిల్స్ టీమ్ అని ఒకటి దాదాపు ప్రతి యూనివర్సిటీలోనూ ఉంటుంది. ఫీజులోనే వస్తుంది, విడిగా కట్టక్కర్లేదు. వాళ్లు ఎస్సే రాసిపెట్టరు, దిద్దరు. కానీ మీ వాదన ఎక్కడ తెగిపోయిందో వేలు పెట్టి చూపిస్తారు. నేను మూడుసార్లు వెళ్లాను, మొదటిసారి ఫెయిల్ కాకముందే వెళ్లాల్సింది.

రీసిట్ ప్రశ్న పాతదేనా, కొత్తదా అన్నది కూడా చూసుకోండి. కొన్ని మాడ్యూళ్లలో అదే ఎస్సేని మెరుగుపరచి ఇమ్మంటారు, కొన్నిటిలో కొత్త ప్రశ్న ఇస్తారు. కొత్త ప్రశ్నకి పాత ఎస్సేలోని పేరాలు అతికిస్తే, మీరు రాసిందే అయినా, సెల్ఫ్ ప్లేజియరిజం కింద పట్టుకునే అవకాశం ఉంది. కాపీని పట్టే సాఫ్ట్‌వేర్ టర్నిటిన్‌లో మీ పాత పేపర్ ఉంటుంది కదా. ఎన్ని అవకాశాలున్నాయో కూడా ముందే తెలుసుకోండి. రెండోసారీ పోతే మూడోది ఉంటుందని అనుకోవద్దు, చాలా చోట్ల ఉండదు.

ఈసీ క్లెయిమ్: కారణం మీ బతుకులో ఉంటే

ఎక్స్‌టెన్యుయేటింగ్ సర్కమ్‌స్టాన్సెస్, కొన్ని చోట్ల మిటిగేటింగ్ సర్కమ్‌స్టాన్సెస్ అంటారు. మన నియంత్రణలో లేని, ముందు ఊహించలేని సంగతి వల్ల రాయలేకపోయామని ఆధారాలతో చెప్పుకోవడం. ఆమోదిస్తే మార్కు పెంచరు. మనవాళ్లలో చాలామంది పెంచుతారనుకుంటారు. వాళ్లిచ్చేది ఇంకో అవకాశం. దాన్ని మొదటి ప్రయత్నంగానే లెక్కిస్తారు కాబట్టి క్యాప్ ఉండదు. రీసిట్‌తో పోలిస్తే ఉన్న పెద్ద లాభం అదే.

ఇబ్బంది గడువు దగ్గర వస్తుంది. క్లెయిమ్ మామూలుగా సబ్మిషన్ తేదీకి ముందు, లేదా తర్వాత కొద్ది రోజుల్లోపే పెట్టాలి. పైగా చాలా యూనివర్సిటీల్లో "ఫిట్ టు సిట్" అనే నియమం ఉంది: పేపర్ సబ్మిట్ చేశారంటే, రాసే స్థితిలో ఉన్నానని మీరే ఒప్పుకున్నట్టు. మార్కు చూశాక "అప్పుడు నాకు ఒంట్లో బాలేదు" అంటే వినరు. మన పిల్లలు ఇక్కడే దెబ్బతింటారు. జ్వరంతోనో, ఇంట్లో పెద్దాయన పోయిన బాధతోనో కూడా ఎలాగోలా పూర్తిచేసి ఇచ్చేయాలన్నది మనకి నేర్పిన పద్ధతి. ఆ పట్టుదలని నేను గౌరవిస్తాను. కానీ ఇక్కడి నియమాల్లో, అలాంటి వారంలో సబ్మిట్ చేయకుండా ఈసీ పెట్టడమే సరైన పని.

తెలిసిన అమ్మాయి ఒకరు, తాతయ్య పోయిన నాలుగో రోజు అసైన్‌మెంట్ సబ్మిట్ చేసింది, 31 వచ్చింది. ఆలస్యంగా క్లెయిమ్ పెట్టింది. ఆలస్యానికి బలమైన కారణం చూపిస్తేనే అలాంటివి పరిశీలిస్తారు. ఆ వారాల్లో ఆమె యూనివర్సిటీ కౌన్సెలింగ్‌కి వెళ్లిన రికార్డు ఉండటం వల్ల ఒప్పుకున్నారు. ఆ రికార్డు లేకపోతే రీసిట్ తప్ప దారి ఉండేది కాదు.

ఆధారం అంటే తేదీలున్న కాగితం. డాక్టర్ లెటర్, ఆస్పత్రి డిశ్చార్జ్ సమ్మరీ, మరణ ధ్రువీకరణ పత్రం. తెలుగులో మాత్రమే ఉన్న కాగితమైతే ఇంగ్లీషు అనువాదం జతచేయాలి. ఇక్కడ దిగిన మొదటి వారంలోనే జీపీ (మీ ఏరియా ఫ్యామిలీ డాక్టర్) దగ్గర రిజిస్టర్ అవ్వండి. స్టూడెంట్ వీసాకి ఏడాదికి 776 పౌండ్ల హెల్త్ సర్‌ఛార్జి కట్టే వచ్చారు, డాక్టర్ని చూడటానికి మళ్లీ డబ్బు అడగరు. లెటర్ రాసివ్వడానికి మాత్రం కొందరు ఛార్జ్ చేస్తారు. ఇంటికి ఫోన్ చేసి, అమ్మ చెప్పిన టాబ్లెట్ వేసుకుని పడుకుంటే ఒళ్లు కుదుటపడొచ్చు, కానీ కాగితం పుట్టదు.

ల్యాప్‌టాప్ పాడైంది, పార్ట్‌టైమ్ షిఫ్టులు ఎక్కువయ్యాయి, ఒకే వారంలో మూడు డెడ్‌లైన్లు పడ్డాయి: ఇవి మామూలుగా ఈసీ కిందకి రావు. మనసు బాగోలేక రోజుల తరబడి మంచం దిగలేకపోతే అది వస్తుంది. డిప్రెషన్ అన్న మాట కాగితం మీదకి ఎక్కితే రేపు ఉద్యోగానికో పెళ్లికో అడ్డొస్తుందని భయపడి, నిజమైన కారణాన్ని దాచుకున్నవాళ్లు నాకు తెలుసు. ఈసీ కాగితాలు గోప్యంగా ఉంచుతారు, ట్రాన్‌స్క్రిప్ట్ మీద కారణం రాయరు. దయచేసి దాచుకోకండి.

అప్పీల్: తప్పు వాళ్ల పద్ధతిలో జరిగితేనే

జేఎన్టీయూలోనో ఉస్మానియాలోనో చదివినవాళ్లకి రీవాల్యుయేషన్ మామూలు విషయం. ఫీజు కడితే ఇంకొకరు పేపర్ మళ్లీ దిద్దుతారు. అదే అలవాటుతో ఇక్కడ అప్పీల్ ఫారం నింపుతారు: "నేను చాలా కష్టపడ్డాను, ఇంకా ఎక్కువ మార్కులు రావాలి" అని. అది చదివి పక్కన పెట్టేస్తారు. పేపర్ విలువ ఎంత అన్నది అకడమిక్ జడ్జిమెంట్, దాన్ని అప్పీల్‌లో ప్రశ్నించడానికి వీల్లేదు. యూనివర్సిటీ దాటి, ఇంగ్లండ్, వేల్స్‌లో విద్యార్థుల ఫిర్యాదులు చూసే ఆఫీస్ ఆఫ్ ది ఇండిపెండెంట్ అడ్జుడికేటర్ దాకా వెళ్లినా అంతే. 2004 నాటి హయ్యర్ ఎడ్యుకేషన్ చట్టం ప్రకారం వాళ్లు కూడా అకడమిక్ జడ్జిమెంట్‌లో వేలు పెట్టకూడదు.

మరి అప్పీల్ దేనికి? హ్యాండ్‌బుక్‌లో ఒక వెయిటేజీ ఉండి వేరేలా లెక్కేస్తే, మార్కులు కూడటంలో తప్పు చేస్తే, మీరు అప్‌లోడ్ చేసిన ఫైల్ కాకుండా పాత డ్రాఫ్ట్ దిద్దితే, మీకు ఒప్పుకున్న ఎక్స్‌టెన్షన్‌ని మర్చిపోయి లేట్ పెనాల్టీ వేస్తే, పక్షపాతం జరిగిందని చూపించగలిగితే, లేదా సరైన కారణం వల్ల అప్పట్లో చెప్పుకోలేకపోయిన ఈసీ ఉంటే. ఇలాంటివి జరుగుతాయి. జరిగినప్పుడు మొహమాటపడకుండా అప్పీల్ చేయాలి. కూడికలో తప్పులాంటి చిన్నవి మాడ్యూల్ లీడర్‌కి ఒక మెయిల్ పెడితేనే సరిదిద్దుతారు, ముందు అది చేయండి.

గడువు ఇక్కడా తక్కువే, చాలా చోట్ల ఫలితాలు ఖరారైన పది నుంచి ఇరవై పనిదినాలు. ఫారం నింపే ముందు స్టూడెంట్స్ యూనియన్ అడ్వైస్ సెంటర్‌కి వెళ్లండి. వాళ్లు యూనివర్సిటీ మనుషులు కారు, మీ పక్షాన ఉచితంగా చూస్తారు, కేసు నిలబడుతుందో లేదో మొహం మీదే చెప్తారు. యూనివర్సిటీలో అన్ని దశలూ అయిపోయాక "కంప్లీషన్ ఆఫ్ ప్రొసీజర్స్" లెటర్ ఇస్తారు. అది వచ్చిన 12 నెలల్లోపు పైన చెప్పిన అడ్జుడికేటర్ ఆఫీసుకి వెళ్లొచ్చు, ఫీజు లేదు. స్కాట్లండ్‌లో చదువుతున్నవాళ్లు స్కాటిష్ పబ్లిక్ సర్వీసెస్ ఆంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లాలి.

ఒక్క జాగ్రత్త: అప్పీల్ నడుస్తోంది కదా అని రీసిట్ మానేయొద్దు. జవాబు రావడానికి వారాలు, నెలలు కూడా పడుతుంది. అది కాదని వచ్చేసరికి రీసిట్ తేదీ దాటిపోయి ఉంటే రెండూ పోయినట్టే. రాస్తూనే అప్పీల్ చేయండి.

మిగిలిన దారులు

మార్కు 40కి, 49కి మధ్య ఉంటే కాంపెన్సేషన్ ఉందేమో చూడండి, కొన్ని చోట్ల కండోన్‌మెంట్ అంటారు. మిగతా మాడ్యూళ్లు బాగుంటే, కొన్ని క్రెడిట్ల వరకు, ఫెయిలైనదాన్ని బోర్డ్ వదిలేస్తుంది. మళ్లీ రాయనక్కర్లేదు, కానీ ట్రాన్‌స్క్రిప్ట్‌లో ఆ తక్కువ మార్కు అలాగే ఉండొచ్చు. కోర్ మాడ్యూళ్లకి, ప్రొఫెషనల్ గుర్తింపు ఉన్న కోర్సులకి తరచూ వర్తించదు. 47 వచ్చి, డిసర్టేషన్ నెత్తి మీదున్నవాళ్లకి ఇది వరమే.

మాడ్యూల్‌ని వచ్చే ఏడాది క్లాసులతో సహా మళ్లీ చదవడం ఖరీదైన దారి. క్రెడిట్ల లెక్కన ఫీజు, ఇంటి అద్దె, వీసా పొడిగింపు అన్నీ కలుస్తాయి. వేరే అవకాశాలు అయిపోయాకే ఆలోచించండి. 120 క్రెడిట్లతో పీజీ డిప్లొమా తీసుకుని బయటికి రావడం కూడా ఒక దారే. కానీ మాస్టర్స్ చేతికి రాదు, దాంతో మామూలుగా, చదువయ్యాక ఇక్కడే ఉండి పని చేసుకోనిచ్చే గ్రాడ్యుయేట్ వీసాకి అర్హత కూడా పోతుంది. లోన్ తీర్చడానికి ఇక్కడ ఉద్యోగం మీదే ఆధారపడ్డవాళ్లు ఇది తెలియకుండా సంతకం పెట్టకూడదు.

డబ్బు తీసుకుని రాసిపెడతామంటూ వాట్సాప్ గ్రూపుల్లో, కొన్నిసార్లు తెలుగులోనే, వచ్చే మెసేజ్‌లని దారిగా లెక్కేయకండి. ఫెయిలై భయంలో ఉన్నవాళ్లకే అవి ఎక్కువ ఆశ పెడతాయి. ఇంగ్లండ్‌లో ఆ సర్వీసు అమ్మడం, దానికి ప్రకటన ఇవ్వడం 2022 చట్టం ప్రకారం నేరం. కొన్న విద్యార్థి మీద యూనివర్సిటీ మిస్‌కాండక్ట్ కేసు పెడుతుంది. రాసిపెట్టి, తర్వాత బయటపెడతామని బెదిరించి మళ్లీ డబ్బు గుంజినవాళ్లూ ఉన్నారు. ఫెయిల్ మార్కు నుంచి కోలుకోవచ్చు. మిస్‌కాండక్ట్‌లో కోర్సులోంచి తీసేస్తే స్పాన్సర్‌షిప్ పోతుంది, వీసా కుదించేస్తారు.

వీసా తేదీలు

ఏ దారి ఎంచుకున్నా దాని పక్కన ఈ తేదీలు పెట్టి చూడాలి. ఏడాది, అంతకంటే ఎక్కువ కోర్సుకి స్టూడెంట్ వీసా కోర్సు ముగిశాక నాలుగు నెలల వరకు ఉంటుంది. గ్రాడ్యుయేట్ వీసాకి అప్లై చేయాలంటే ఆ వీసా చెల్లుతుండగా, యూకేలో ఉండగా, కోర్సు పూర్తయిందని యూనివర్సిటీ హోమ్ ఆఫీసుకి తెలియజేసి ఉండాలి. వేసవి రీసిట్ అయితే సెప్టెంబర్ ఇన్‌టేక్ వాళ్లకి ఆ నాలుగు నెలల్లో సరిపోతుంది. డిసర్టేషన్ ఫెయిలైతే, లేదా రీసిట్ తర్వాతి బోర్డ్‌కి వాయిదా పడితే సరిపోకపోవచ్చు. అప్పుడు కొత్త క్యాస్ (వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే అడ్మిషన్ ధ్రువీకరణ), పొడిగింపు, మళ్లీ ఫీజులు.

ఇంకో తేదీ కూడా ఉంది. గ్రాడ్యుయేట్ వీసా బ్యాచిలర్స్, మాస్టర్స్ వాళ్లకి రెండేళ్లు. 2027 జనవరి 1 నుంచి అప్లై చేసేవాళ్లకి 18 నెలలే. కొన్ని వారాల ఆలస్యం ఆ గీత దాటిస్తే ఆరు నెలలు పోతాయి. వేసవిలో డిసర్టేషన్ రాసే నెలలు కూడా టర్మ్ కిందే లెక్క అని మర్చిపోకండి. రీసిట్ ఫీజు కోసమని వారానికి 20 గంటలు దాటి పని చేస్తే వీసాకే ముప్పు.

వీసా సంగతులు హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉన్న కన్సల్టెన్సీని అడిగి నిర్ణయాలు తీసుకోకండి, ఫ్లాట్‌మేట్‌నీ, నన్నూ అడిగి కూడా తీసుకోకండి. ఒక కాగితం మీద నాలుగు తేదీలు రాయండి: రీసిట్ సబ్మిషన్, ఆ తర్వాతి ఎగ్జామ్ బోర్డ్, కోర్సు ముగింపు, వీసా ముగింపు. ఆ కాగితం పట్టుకుని యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసులోని వీసా అడ్వైజర్ దగ్గర అపాయింట్‌మెంట్ తీసుకోండి. అక్కడ చెప్పింది మెయిల్‌లో రాసిమ్మని అడగండి.